ఇళ్ళలో ఉష్ణ నష్టాన్ని గుర్తించే థర్మల్ ఇమేజింగ్ – పద్ధతి, ప్రయోజనాలు, పరిమితులు

శీతల దేశాలలో ఇంటిని వెచ్చగా ఉంచుకొనేందుకు వెచ్చించే ఇంధనంలో గణనీయమైన భాగం గోడలు, పైకప్పు, కిటికీలు, తలుపుల సందుల గుండా బయటికి పోయి వృథా అవుతున్నది. ఈ వృథా కంటికి కనిపించదు. గృహస్థునికి అది నెలాఖరున వచ్చే బిల్లులో మాత్రమే తెలుస్తుంది. ఇంట్లో ఏ మూల నుండి వేడి పోతున్నదో బిల్లు చెప్పదు. ఆ లోటును తీర్చే సాధనంగా థర్మల్ ఇమేజింగ్, అనగా ఉష్ణ చిత్రణ, గత 5 దశాబ్దాలుగా వినియోగంలో ఉన్నది.

ఒకప్పుడు సైనిక అవసరాలకు, పెద్ద పరిశ్రమలకు పరిమితమైన ఈ కెమెరాలు నేడు చేతిలో ఇమిడే పరిమాణంలోను, మొబైల్ ఫోనుకు అమర్చుకొనే విధంగాను లభ్యమవుతున్నాయి. వీటి వాడకం పెరిగిన కొద్దీ, ఉష్ణ చిత్రంలోని రంగులను చూసి తొందరపాటు నిర్ణయాలు తీసుకొనే అవకాశం కూడా పెరిగింది. ఏ ఇంటికి మరమ్మతు అవసరం, ఏ కుటుంబానికి ప్రభుత్వ సహాయం అందాలి అనే నిర్ణయాలకు ఈ చిత్రాలను ఆధారంగా చేసుకొనే ముందు, అవి ఏమి చూపుతాయో, ఏమి చూపలేవో తెలుసుకొనుట అవసరం.

కెమెరా చూసేది ఏమిటి?

ప్రతి వస్తువు తన ఉష్ణోగ్రతను బట్టి వికిరణాన్ని వెలువరిస్తుంది. సాధారణ గది ఉష్ణోగ్రత వద్ద ఉన్న గోడ నుండి వెలువడే వికిరణం సుమారు 10 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం వద్ద అత్యధికంగా ఉంటుంది. ఇది పరారుణ కిరణాల శ్రేణికి చెందినది కావున మానవ నేత్రానికి గోచరించదు. భవనాల పరిశీలనకు వాడే కెమెరాలు ప్రధానంగా 8 నుండి 14 మైక్రోమీటర్ల శ్రేణిలోని వికిరణాన్ని గ్రహించి, దానిని ఉష్ణోగ్రతగా లెక్కించి, ఒక్కొక్క ఉష్ణోగ్రతకు ఒక్కొక్క రంగును కేటాయించి తెరపై చూపుతాయి. మామూలు గాజు ఈ కిరణాలను తన గుండా పోనివ్వదు. అందువలన ఈ కెమెరాల కటకాలను సాధారణంగా జెర్మేనియంతో తయారు చేస్తారు.

ఇక్కడ రెండు విషయాలు గమనార్హం. మొదటిది, కెమెరా గోడ లోపలికి చూడలేదు. అది చూసేది వస్తువు ఉపరితలాన్ని మాత్రమే. గోడ లోపల ఏమున్నదీ ఉపరితల ఉష్ణోగ్రతలోని తేడాలను బట్టి పరిశీలకుడు ఊహించవలసి ఉంటుంది. రెండవది, తెరపై కనిపించే ఎరుపు, పసుపు, నీలం రంగులు సహజమైనవి కావు. చిత్రంలోని కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతల మధ్య యంత్రం పంచిపెట్టిన రంగులవి. ఆ హద్దులను మార్చినచో ఒకే గోడ ఒక చిత్రంలో నిప్పు వలె ఎర్రగాను, మరొక చిత్రంలో చల్లని నీలంగాను కనిపించగలదు. కావున పక్కన ఉండే ఉష్ణోగ్రతల కొలపట్టీ లేని ఉష్ణ చిత్రానికి సాంకేతికంగా విలువ లేదు.

పరికరం పుట్టుక, పరిణామం

పరారుణ కిరణాలను 1800 సంవత్సరంలో విలియం హెర్షెల్ కనుగొన్నారు. అంతకు పూర్వం 1781లో యురేనస్ గ్రహాన్ని కనుగొన్న శాస్త్రవేత్త ఆయనే. పట్టకం ద్వారా సూర్యకాంతిని రంగులుగా విడదీసి, ఒక్కొక్క రంగులో ఉష్ణమాపకాన్ని ఉంచి చూడగా, ఎరుపు రంగుకు అవతల, కాంతి ఏమీ కనిపించని చోట కూడా ఉష్ణోగ్రత పెరుగుట ఆయన గమనించారు.

1965లో స్వీడన్ దేశపు ఆగా సంస్థ విద్యుత్ లైన్ల తనిఖీ కోసం ఉష్ణ చిత్రణ పరికరాన్ని విక్రయించింది. తొలితరం పరికరాలు బరువైనవి. వాటి గ్రాహకాలను ద్రవ నైట్రోజన్‌తో చల్లబరచవలసి వచ్చేది. 1973లో తలెత్తిన చమురు సంక్షోభం అనంతరం ఇళ్ళలో ఇంధన పొదుపుపై పాశ్చాత్య దేశాలు దృష్టి సారించడంతో, భవనాల పరిశీలనలో ఈ పరికరాలకు ప్రాధాన్యం పెరిగింది. భవనాల బాహ్య నిర్మాణంలో ఉష్ణ లోపాలను పరారుణ పద్ధతిలో గుర్తించే విధానంపై 1983లో అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఎస్.ఓ. 6781 వెలువడింది.

1980వ దశకంలో అమెరికా సైన్యం కోసం రూపొందిన మైక్రోబోలోమీటర్ అనే గ్రాహకం ఈ రంగంలో పెనుమార్పు తెచ్చింది. దీనికి అతిశీతలీకరణ అవసరం లేదు. 1992లో ఈ సాంకేతిక విజ్ఞానంపై గోప్యత తొలగించిన తరువాత కెమెరాల పరిమాణం, ధర క్రమంగా తగ్గాయి. విద్యుత్ సబ్‌స్టేషన్లలో వేడెక్కిన జాయింట్లను గుర్తించేందుకు మన దేశంలోని విద్యుత్ సంస్థలు వాడే థర్మోవిజన్ కెమెరాలు, 2020లో కోవిడ్ సమయాన విమానాశ్రయాల ప్రవేశద్వారాల వద్ద ప్రయాణికులను పరీక్షించిన కెమెరాలు ఈ కోవకు చెందినవే.

ఇంటి వేడి పోయే మార్గాలు

ఇంటి నుండి వేడి ప్రధానంగా 2 మార్గాలలో పోతుంది. ఒకటి గోడలు, కప్పు, నేల, కిటికీల గుండా జరిగే ఉష్ణ ప్రసారం. రెండవది సందుల గుండా వెచ్చని గాలి బయటికి పోయి, చల్లని గాలి లోపలికి రావడం. ఉష్ణనిరోధక పొర లేని ఇంటిలో సుమారు నాలుగవ వంతు వేడి పైకప్పు గుండా, మూడవ వంతు గోడల గుండా పోతుందని బ్రిటన్‌లో సాధారణంగా అంచనా వేస్తారు.

ఉష్ణ చిత్రాలలో సర్వసాధారణంగా బయటపడే లోపాలు ఇవి:

ఉష్ణనిరోధక పొర లోపించుట: రెండు ఇటుక వరుసల మధ్య ఖాళీ విడిచి కట్టే గోడలు బ్రిటన్‌లో అధికం. ఆ ఖాళీలో నింపిన ఉష్ణనిరోధక పదార్థం కొన్నిచోట్ల చేరకపోవడం, కాలక్రమంలో కిందికి జారిపోవడం జరుగుతుంది. పని పూర్తయినట్లు కాగితాలలో నమోదైన గోడలో కూడా ఇటువంటి ఖాళీలను కెమెరా పట్టి చూపగలదు. అటకపై పరచిన దూది వంటి పొర ఒకచోట తొలగి ఉన్నా, లోపలి కప్పుపై ఆ మేరకు చల్లని మచ్చ కనిపిస్తుంది.

ఉష్ణ వంతెనలు: కాంక్రీటు దూలం, కిటికీపై లింటెల్, గోడ దాటి బయటికి చొచ్చుకొని వచ్చిన బాల్కనీ స్లాబు వంటివి వేడిని త్వరగా బయటికి చేరవేస్తాయి. ఇటువంటి చోట లోపలి ఉపరితలం చల్లబడి, గాలిలోని తేమ అక్కడ చెమ్మగా మారి బూజు పడుతుంది. ఇది ఇంధన సమస్యతో పాటు ఆరోగ్య సమస్య కూడా.

చలిగాలి చొరబాటు: తలుపు అంచులు, గోడ అడుగున ఉండే చెక్కపట్టీలు, అటక తలుపు, పైపులు గోడను దాటే చోట్ల చలిగాలి లోపలికి వచ్చి ఉపరితలాన్ని చారలు చారలుగా చల్లబరుస్తుంది.

చెమ్మ: తడి ఆరుతున్న గోడ తన వేడిని కోల్పోయి చల్లగా కనిపిస్తుంది. అయితే చల్లని మచ్చ అంతా చెమ్మయే అని చెప్పుటకు వీలులేదు. తేమమాపకంతో పరీక్షించి నిర్ధారించవలసి ఉంటుంది.

తనిఖీ నిర్వహించే విధానం

సక్రమమైన పరిశీలనకు ఇంటి లోపలి, వెలుపలి ఉష్ణోగ్రతల మధ్య కనీసం 10 డిగ్రీల సెల్సియస్ తేడా ఉండాలని సాధారణంగా పాటిస్తారు. ఆ తేడా తనిఖీకి ముందు కొన్ని గంటలపాటు నిలకడగా ఉండాలి. గోడపై ఎండ పడినచో ఆ వేడి చాలాసేపు నిలిచి ఉంటుంది కనుక, బయటి నుండి చిత్రాలు తీసే పనిని సూర్యాస్తమయం తరువాత కొన్ని గంటలు గడిచాక గాని, తెల్లవారకముందు గాని చేపడతారు. వాన, మంచు, తడిసిన గోడలు, బలమైన గాలి ఉన్నపుడు తనిఖీని వాయిదా వేస్తారు.

గాలి చొరబాటును కచ్చితంగా పట్టుకొనేందుకు బ్లోయర్ డోర్ అనే సాధనాన్ని కెమెరాతో కలిపి వాడుతారు. ఇంటి ప్రధాన ద్వారంలో పెద్ద ఫ్యాను బిగించి, లోపలి గాలిని బయటికి తోడి, లోపలి పీడనాన్ని బయటి కంటే 50 పాస్కల్ మేర తగ్గిస్తారు. అపుడు ప్రతి సందు గుండా బయటి చల్లగాలి లోనికి దూసుకువస్తుంది. ఫ్యాను వేయకముందు తీసిన చిత్రాన్ని, వేసిన తరువాత తీసిన చిత్రాన్ని పక్కపక్కన పెట్టి చూసినచో, ఏది గాలి సందు, ఏది ఉష్ణనిరోధక లోపం అనేది విడిగా తెలుస్తుంది.

లెక్కలు చెప్పే వాస్తవం

ఉష్ణ చిత్రాన్ని చదవడంలో ఎంత జాగ్రత్త అవసరమో ఒక చిన్న లెక్క ద్వారా గ్రహించవచ్చు. ఇంటి లోపల 20 డిగ్రీలు, బయట 5 డిగ్రీలు ఉన్నదనుకొందాం. ఉష్ణనిరోధక పొర లేని ఒక ఇటుక గోడ ప్రతి చదరపు మీటరుకు, ప్రతి ఒక్క డిగ్రీ తేడాకు 2 వాట్ల వేడిని పోనిస్తుందని, మంచి పొర గల గోడ అర వాటు మాత్రమే పోనిస్తుందని తీసుకొందాం. 10 చదరపు మీటర్ల గోడ నుండి మొదటి ఇంటిలో 300 వాట్లు, రెండవ ఇంటిలో 75 వాట్లు నష్టమవుతాయి. ఒక రోజులో ఇది మొదటి ఇంటికి 7.2 యూనిట్లు, రెండవ ఇంటికి 1.8 యూనిట్లు.

నష్టం 4 రెట్లు ఉన్నప్పటికీ, గోడ వెలుపలి ఉపరితలం మొదటి ఇంటిలో సుమారు 6.2 డిగ్రీలు, రెండవ ఇంటిలో సుమారు 5.3 డిగ్రీలు ఉంటుంది. తేడా 1 డిగ్రీ కంటే తక్కువ. మోస్తరు గాలి వీచినా, సాయంత్రపు ఎండ తాలూకు వేడి మిగిలి ఉన్నా ఈ స్వల్ప తేడా చెరిగిపోగలదు. అదే గోడలను ఇంటి లోపలి నుండి చూసినచో ఉపరితల ఉష్ణోగ్రతలు సుమారు 16.1, 19 డిగ్రీలుగా ఉండి, తేడా దాదాపు 3 డిగ్రీలు కనిపిస్తుంది. వీధిలో నిలబడి తీసిన చిత్రం కంటే గదిలో నిలబడి తీసిన చిత్రం ఎక్కువ విశ్వసనీయమైనది కావడానికి కారణమిదే.

కెమెరాల సామర్థ్యం కూడా ఇదే విషయాన్ని బలపరుస్తున్నది. ఒక సాధారణ కెమెరా ఒకే చిత్రంలోని రెండు బిందువుల మధ్య 0.1 డిగ్రీ తేడాను సైతం పసిగట్టగలదు. కాని ఒక బిందువు అసలు ఉష్ణోగ్రతను చెప్పడంలో 2 డిగ్రీల మేర అటుఇటుగా పొరపాటు పడే అవకాశమున్నది. కనుక ఒకే చిత్రంలోని తేడాలు నమ్మదగినవి. వేర్వేరు రోజులలో, వేర్వేరు ఇళ్ళలో తీసిన చిత్రాల అంకెలను నేరుగా పోల్చుట సరికాదు.

పొరపాటుకు తావిచ్చే సందర్భాలు

అన్ని ఉపరితలాలు ఒకే విధంగా వికిరణాన్ని వెలువరించవు. ఈ గుణాన్ని ఉద్గారత అంటారు. ఇటుక, సిమెంటు, రంగు వేసిన గోడలు, చెక్క వంటి వాటికి ఇది 0.9 సమీపంలో ఉంటుంది. మెరుగుపెట్టిన అల్యూమినియంకు 0.1 కంటే తక్కువ. మెరిసే లోహం తన ఉష్ణోగ్రతను దాచి, ఎదుటి వస్తువుల వికిరణాన్ని అద్దం వలె ప్రతిఫలిస్తుంది. అటువంటి చోట నల్లని ఇన్సులేషన్ టేపు ముక్కను అంటించి, అది ఉపరితలంతో సమానంగా వేడెక్కిన పిమ్మట టేపుపై చూపిన అంకెను తీసుకొనుట వాడుకలో ఉన్న ఉపాయం.

కిటికీ గాజు కూడా కొంత మేర ప్రతిఫలిస్తుంది. గాజులో కనిపించే వెచ్చని ఆకారం కెమెరా పట్టుకొన్న వ్యక్తిదే కావచ్చు. మబ్బులేని రాత్రి ఆకాశం పరారుణ దృష్టిలో మిక్కిలి చల్లనిది. ఆకాశానికి ఎదురుగా ఉన్న పైకప్పు తన వేడిని అటు కోల్పోయి చుట్టుపక్కల గాలి కంటే కూడా చల్లబడుతుంది. అదేవిధంగా గోడ వెనుక రేడియేటర్ గాని, పొగగొట్టం గాని ఉన్నచోట వెచ్చదనం కనిపించుట సహజం. దానిని లోపంగా పరిగణించరాదు.

బ్రిటన్ అనుభవం నేర్పే పాఠాలు

ఈ సాంకేతికతను ప్రజా కార్యక్రమంగా మలచిన దేశాలలో బ్రిటన్ ఒకటి. అక్కడ ఇంటిని తగినంత వెచ్చగా ఉంచుకొనే స్తోమత లేని కుటుంబాల స్థితిని ఇంధన పేదరికంగా పరిగణించి, 2000 సంవత్సరంలో ఇళ్ళ వెచ్చదనం, ఇంధన పరిరక్షణ చట్టాన్ని చేశారు. 2007లో లండన్‌లోని హారింగే బరో కౌన్సిల్, విమానం నుండి తీసిన ఉష్ణ చిత్రాల ఆధారంగా తమ పరిధిలోని ఇళ్ళ పైకప్పుల పటాన్ని ప్రజలకు అందుబాటులో ఉంచింది. ప్రతి గృహస్థుడు తన ఇంటి కప్పు ఏ రంగులో ఉన్నదో చూసుకొనే వీలు కలిగింది.

చిత్రాన్ని చూసిన వారు నిజంగా మరమ్మతులు చేయించుకొంటారా అన్న ప్రశ్నకు ప్లిమత్ విశ్వవిద్యాలయ పరిశోధకులు సమాధానం వెదికారు. వారి 2 అధ్యయనాల ఫలితాలు 2015లో ప్రచురితమైనాయి. 43 గృహాలతో నిర్వహించిన మొదటి అధ్యయనంలో, తమ ఇంటి ఉష్ణ చిత్రాన్ని చూసిన కుటుంబాలు ఏడాది తరువాత ఇంధన వాడకాన్ని తగ్గించుకొన్నట్లు తేలింది. కేవలం కర్బన ఉద్గారాల లెక్కను అందుకొన్న కుటుంబాలలో అటువంటి మార్పు కనిపించలేదు. 87 గృహాలతో జరిపిన రెండవ అధ్యయనంలో, చిత్రాన్ని చూసిన వారు చలిగాలి సందులను మూసే పనులు చేపట్టే అవకాశం దాదాపు 5 రెట్లు అధికంగా ఉన్నట్లు వెల్లడైంది. చిత్రంలో స్పష్టంగా కనిపించిన లోపాల విషయంలోనే ఈ ప్రభావం ఎక్కువగా ఉండుట విశేషం. అంకెలు కదిలించలేని గృహస్థుని తన ఇంటి చిత్రం కదిలించగలదని దీనివలన తెలుస్తున్నది.

అయితే విమానం నుండి, వీధి నుండి తీసే చిత్రాలకు ఒక ముఖ్యమైన పరిమితి ఉన్నది. కప్పు వెచ్చగా కనిపించిన ఇంటిలో వేడి వృథా అవుతున్నదని చెప్పవచ్చు. కాని కప్పు చల్లగా కనిపించిన ఇల్లు మంచి ఇల్లని చెప్పుటకు వీలులేదు. దానికి కనీసం 3 కారణాలు ఉండవచ్చు. ఆ ఇంటికి మంచి ఉష్ణనిరోధక పొర ఉండవచ్చు. ఆ ఇంట్లో ఎవరూ నివసించకపోవచ్చు. లేదా ఆ ఇంటిలోని వారు బిల్లుకు భయపడి హీటరు వేయకుండా చలిలోనే గడుపుతూ ఉండవచ్చు. కెమెరాకు ఈ మూడు ఇళ్ళూ ఒకే నీలం రంగులో కనిపిస్తాయి.

ఈ భేదం విధాన నిర్ణేతలకు అత్యంత కీలకమైనది. 2022లో బ్రిటన్‌లో ఇంధన ధరలు పెరిగినపుడు, సగటు వాడకం గల గృహానికి వార్షిక బిల్లుల నియంత్రణ పరిమితి ఏప్రిల్‌లో 1,971 పౌండ్లుగా ఉండగా, అక్టోబరు నుండి అమలు కావలసిన పరిమితిని 3,549 పౌండ్లుగా ప్రకటించారు. ప్రభుత్వం జోక్యం చేసుకొని సగటు బిల్లును 2,500 పౌండ్ల స్థాయికి పరిమితం చేసింది. అటువంటి శీతకాలంలో ఎర్రగా కనిపించిన ఇళ్ళకే మరమ్మతు సహాయం అందించినచో, ఇంటిని వెచ్చబరచుకొనే శక్తి ఉన్నవారు లబ్ధిదారులవుతారు. చలిలో వణుకుతున్న వృద్ధుల ఇల్లు సమర్థమైన ఇళ్ళ జాబితాలో చేరిపోతుంది. ఉష్ణ చిత్రంతో పాటు ఇంటి లోపలి ఉష్ణోగ్రతను, ఇంధన వాడకాన్ని, కుటుంబ స్థితిగతులను ఇంటింటికి వెళ్ళి నమోదు చేసినపుడే ఈ అన్యాయాన్ని నివారించుట సాధ్యం.

గోప్యతకు సంబంధించిన అంశాలు

ఇంటి ఉష్ణ చిత్రం వ్యక్తిగత గోప్యతకు సంబంధించిన ప్రశ్నలను కూడా లేవనెత్తుతుంది. 1992లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో ఒక ఇంటిలో గంజాయి పెంచుతున్నారన్న అనుమానంపై, అధికారులు వీధిలో కారులో కూర్చొని ఆ ఇంటిని ఉష్ణ కెమెరాతో పరిశీలించారు. గ్యారేజీ పైకప్పు, ఒక పక్క గోడ అసాధారణంగా వేడిగా ఉన్నట్లు గుర్తించి, దాని ఆధారంగా సోదా వారంటు పొందారు. కైలో వర్సెస్ యునైటెడ్ స్టేట్స్ పేరిట సుప్రీంకోర్టుకు చేరిన ఈ కేసులో 2001 జూన్ 11న తీర్పు వెలువడింది. ప్రజలలో సాధారణ వాడుకలో లేని పరికరంతో ఇంటి అంతర్గత విషయాలను తెలుసుకొనుట సోదాతో సమానమని, దానికి వారంటు అవసరమని 5–4 ఆధిక్యంతో న్యాయస్థానం నిర్ణయించింది. ఈ కెమెరాలు మొబైల్ ఫోన్లకు సైతం అమరుతున్న నేటి రోజులలో, సాధారణ వాడుకలో లేని పరికరం అన్న ఆ షరతు కొత్త చర్చకు దారితీస్తున్నది.

మన దేశంలో 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టుకు చెందిన 9 మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. ఇల్లు ఖాళీగా ఉన్నదా, ఏ గదిలో మనుషులు ఉంటున్నారు వంటి విషయాలు ఉష్ణ చిత్రాల వరుస నుండి ఊహించుటకు వీలుంటుంది. కావున గృహస్థుల అనుమతి లేకుండా ఇళ్ళ చిత్రాలను చిరునామాలతో సహా ప్రచురించుట తగదు.

తెలుగు రాష్ట్రాలలో వినియోగానికి గల అవకాశాలు

రెంటచింతల, రామగుండం, ఖమ్మం వంటి చోట్ల వేసవి తీవ్రతను ఎరిగిన తెలుగు ప్రజలకు ఇంటి వేడి బయటికి పోవడం సమస్య కాదు. బయటి వేడి ఇంటిలోనికి రావడం, వచ్చిన వేడి రాత్రి అయినా తగ్గకపోవడం ఇక్కడి సమస్య. వేడి ప్రవహించే దిశ మారినా భౌతిక సూత్రాలు మారవు. శీతల దేశంలో వేడి పోయే చోటును చూపే కెమెరా, ఇక్కడ వేడి చొరబడే చోటును చూపగలదు. 2015 వేసవిలో వడగాలుల వలన ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కలిపి వెయ్యి మందికి పైగా మరణించిన విషయాన్ని దృష్టిలో ఉంచుకొన్నచో ఈ అవకాశానికి గల ప్రాధాన్యం బోధపడుతుంది.

మన ఇళ్ళలో వేడి చేరవేతకు ప్రధాన మార్గం పైకప్పు. పగలంతా ఎండకు కాగిన కాంక్రీటు స్లాబు, సూర్యాస్తమయం తరువాత చాలాసేపు ఆ వేడిని గదిలోనికి విడుదల చేస్తుంది. కేంద్ర ప్రభుత్వం 2018 డిసెంబరులో విడుదల చేసిన ఎకో నివాస్ సంహిత, పైకప్పు గుండా ప్రసరించే వేడి ప్రతి చదరపు మీటరుకు, ప్రతి డిగ్రీ తేడాకు 1.2 వాట్లకు మించరాదని నిర్దేశించింది. ఏ పొరా లేని మామూలు స్లాబు విషయంలో ఈ విలువ దానికి 2 రెట్లకు పైగా ఉంటుంది.

2017లో హైదరాబాద్‌లోని దేవరకొండ బస్తీలో పేదల ఇళ్ళ కప్పులపై సూర్యరశ్మిని పరావర్తనం చేసే పొరను అమర్చి పరిశీలించగా, ఇంటి లోపల సగటున సుమారు 2 డిగ్రీల మేర వేడి తగ్గినట్లు తేలింది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో ప్రకటించిన 2023–28 కూల్ రూఫ్ విధానం ప్రకారం ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలంలో నిర్మించే నివాస భవనాలకు చల్లని కప్పులు తప్పనిసరి. అంతకు తక్కువ స్థలంలోని ఇళ్ళకు ఇది ఐచ్ఛికం. రేకుల ఇళ్ళు, చిన్న డాబాలు అధికంగా ఈ ఐచ్ఛిక విభాగంలోకి వస్తాయి. తమ ఇంటి కప్పు ఎంత వేడిని దించుతున్నదో చిత్రంలో చూపినచో, ఆయా కుటుంబాలు స్వచ్ఛందంగా ముందుకు వచ్చే అవకాశం ఉంటుందని ప్లిమత్ అధ్యయనాన్ని బట్టి భావించవచ్చు.

ఇక్కడి తనిఖీలలో స్థానిక పరిస్థితులకు తగిన మార్పులు అవసరం. చిత్రాలను మధ్యాహ్నం నుండి రాత్రి వరకు, ప్రధానంగా గది లోపలి నుండి కప్పు వైపు చూస్తూ తీయవలసి ఉంటుంది. సున్నం గాని, తెల్లని పెయింటు గాని వేసిన కప్పు సూర్యరశ్మిని పరావర్తనం చేసినప్పటికీ దాని ఉద్గారత ఎక్కువే కనుక, కెమెరా దాని ఉష్ణోగ్రతను చాలావరకు సరిగానే చూపుతుంది. కొత్త ఇనుప రేకు విషయం వేరు. చేయి పెట్టలేనంతగా కాలుతున్న మెరిసే రేకును కూడా కెమెరా చల్లనిదిగా చూపగలదు. ఉద్గారతను సరిచేయకుండా తయారుచేసిన నివేదికలో వేడి ఎక్కువగా ఉన్న రేకుల ఇల్లు చల్లని ఇళ్ళ జాబితాలో చేరిపోగలదు. బ్రిటన్‌లో హీటరు వేయలేని పేదవాని ఇంటికి కలిగే అన్యాయమే, ఇక్కడ వేరొక కారణంగా రేకుల ఇంటికి కలుగుతుంది.

అధికారులు, పాత్రికేయులు గమనించవలసిన అంశాలు

ఉష్ణ చిత్రాల ఆధారంగా నివేదికలు తయారుచేసే వారు, వాటిని పత్రికలలో ప్రచురించే వారు ఈ క్రింది వివరాలను పరిశీలించుట అవసరం:

1. చిత్రం తీసిన తేదీ, సమయం, లోపలి, వెలుపలి ఉష్ణోగ్రతలు, గాలి, ఎండ వివరాలు నమోదై ఉన్నవా?

2. చిత్రం పక్కన ఉష్ణోగ్రతల కొలపట్టీ ఉన్నదా? పోల్చిన రెండు చిత్రాలకు ఒకే కొలపట్టీని వాడినారా?

3. ఉపరితలం ఏ పదార్థంతో చేసినది? ఏ ఉద్గారత విలువను తీసుకొన్నారు?

4. అదే చోట మామూలు కెమెరాతో తీసిన ఛాయాచిత్రాన్ని జతపరచినారా?

5. ఆ సమయంలో ఇంటిలో మనుషులు ఉన్నారా? హీటరు, కూలరు, ఏ.సి. వంటివి నడుస్తున్నవా?

6. చిత్రంలో కనిపించిన లోపాన్ని తేమమాపకం, గాలి పరీక్ష, ప్రత్యక్ష పరిశీలన వంటి మరొక పద్ధతి ద్వారా నిర్ధారించినారా?

7. మరమ్మతు పూర్తయిన తరువాత అవే పరిస్థితులలో తిరిగి చిత్రం తీసినారా?

8. గృహస్థుని అనుమతి తీసుకొన్నారా?

వీటిలో చివరి రెండు అంశాలు తరచుగా విస్మరణకు గురవుతుంటాయి. మరమ్మతుకు ముందు, తరువాత ఒకే చోటు నుండి, సమానమైన వాతావరణంలో తీసిన చిత్రాల జత, వ్యయం చేసిన ప్రజాధనం సద్వినియోగమైనదా లేదా అనేది తేల్చుటకు ఉపకరిస్తుంది. గుత్తేదారు చూపే కొలతల పుస్తకంలో గోడ నిండుగా ఉన్నట్లు నమోదై ఉండి, చిత్రంలో ఖాళీలు కనిపించినచో తిరిగి తనిఖీ జరిపించుటకు అది తగిన ఆధారమవుతుంది.

ఉష్ణ చిత్రం లోపం ఉన్న చోటును త్వరగా, గోడను పగులగొట్టకుండా, తక్కువ ఖర్చుతో చూపుతుంది. ఆ లోపానికి కారణమేమిటో, ఆ ఇంటిలోని వారు ఏ ఇబ్బంది పడుతున్నారో తెలుసుకొనేందుకు మాత్రం తనిఖీ అధికారి తలుపు తట్టి లోపలికి వెళ్ళక తప్పదు.